గైడుగారి సన్మానానికి నేను పాడిన పాట

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను మీరు చాలామందిని చూసే ఉంటారు. ఏటి మధ్యలో, అదే తెప్ప మీద నిలబడి, గిటారు వాయిస్తూ మరీ నిప్పంటించిన మహానుభావుణ్ణి చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే!

అప్పటికి యూనివర్సిటీలో నా పీహెచ్‌డీ చివరికొచ్చింది. థీసిస్ మీద మా గైడుగారి సంతకం ఒక్కటే తక్కువ. ఆయనేమో ఆ నెలాఖరుకు రిటైరవుతున్నారు. సంతకం పడితే డాక్టర్‌ని. పడకపోతే మళ్లీ కొత్త గైడు, మళ్లీ మొదటి అధ్యాయం.

డిపార్ట్‌మెంటులో ఆయనకు సన్మానమనగానే నా రూమ్మేట్ మల్లేశ్ నన్ను ఎగదోశాడు.

"నీ గిటారు పాట ఉన్నది గదరా, గది పాడు! సార్ ఖుష్ అయితడు, సంతకం పెడ్తడు."

నాకు వచ్చిందే ఆ ఒక్క పాట. నేను పుట్టకముందు ఏ దేశంలోనో నలుగురు కుర్రాళ్లు చిన్న రికార్డుల కంపెనీకి పాడిన ఇంగ్లిషు పాట. తీగలు ఝల్లుమంటే చాలు, మెస్సులో చారన్నం తింటున్నవాడి కాలు కూడా ఆడుతుంది. మా హాస్టల్లో సీనియర్లు పోతూ పోతూ జూనియర్లకు బకెట్లతో పాటు ఆ పాటనూ ఇచ్చిపోయేవారు. మాటలు నోటికొచ్చు. అర్థమంటారా? అంత హుషారైన పాటకు అర్థం హుషారుగా కాక ఇంకెలా ఉంటుంది, మీరే చెప్పండి!

సభలో ముందు వరుసలో శాలువాతో గైడుగారు. పక్కన వాళ్లమ్మగారు, పాపం చెవి మందం. ఆమె పక్కన గైడుగారి కూతురు, ఇంగ్లిషు ఎం.ఏ. చదువుతున్న పిల్ల.

మొదటి చరణానికే హాలంతా చప్పట్లు. ముసలమ్మ మురిసిపోయింది.

"ఏమంటుండే గా పిలగాడు?"

మనవరాలు నాయినమ్మకు వినబడేలా, అంటే చివరి వరుసకు కూడా వినబడేలా అరిచింది.

"'నువ్వు పోతున్నవంటే పానం హాయిగున్నది' అంటుండు నాయినమ్మా!"

ఆ పాటకు అర్థం ఇదా! ఆపుదామంటే చప్పట్లు ఆగవు. పల్లవి అందుకోక తప్పలేదు.

"ఇప్పుడేమంటుండు?"

"'ఇన్నేండ్లు నీ ముంగట నవ్విందంతా ఉత్తదే' అంటుండు!"

"ఎవల ముంగటనే?"

"నాన్న ముంగట!"

ఓరి నాయనో! అర్థం తెలిశాక కూడా ఆ జనం చప్పట్లు ఆపరే! పెద్ద పెద్ద ప్రొఫెసర్లే పల్లవికి గొంతు కలిపారు. అంత మాయదారి పాట అది. గైడుగారు మాత్రం శాలువాలో మొహం దాచుకున్నారు, భుజాలు వణుకుతున్నాయి. నా డాక్టరేటు గంగలో కలిసిందనుకున్నాను.

మర్నాడు గైడుగారి ఫోను. "థీసిస్ పట్టుకొని తార్నాకల మా ఇంటికి రా."

వెళ్లీ వెళ్లగానే కాళ్ల మీద పడ్డాను.

"మాఫ్ చెయ్యండి సార్! అర్థం తెల్వక పాడిన!"

"తెల్వకనా?" ఆయన మొహం వాడిపోయింది. "తెలిసే పాడినవనుకొని రాత్రంతా నవ్విన గదరా! గదే హాస్టల్ల ఉన్నప్పుడు మా గైడు సన్మానానికి నేను గూడ గదే పాట పాడిన. అర్థం తెలిసే పాడిన!"

"మరి... ఆయన మీ థీసిస్‌కు సంతకం పెట్టిండ్రా సార్?"

"ముందు రోజే పెట్టించుకున్న. నీకు గా తెలివి గూడ లేకపాయె!"

అని తిడుతూనే సంతకం పెట్టేశారు. అమ్మయ్య! బతికిపోయాను! క్యాంపస్ దాకా ఆ పాటే ఈల వేసుకుంటూ వచ్చాను.

ఆ రోజే భీష్ముడు సిగ్గుపడేంత ప్రతిజ్ఞ చేశాను. అర్థం తెలియనిదేదీ ఈ జన్మలో నోట పలకను, నా పెళ్లి మంత్రాలు తప్ప.