పిన్ని పరిచిన ఆకులు

ఏటా జరిగేదే. పార్కు శుభ్రం చేయడానికి వచ్చినవాళ్లు పని అయ్యాక వరసగా నిలబడతారు. ఫోటో తీసే మనిషి చీపురు పట్టుకున్న ఆవిడను చూసి, "అమ్మా, కాస్త పక్కకి జరుగు" అంటాడు. ఆవిడ జరుగుతుంది. జరగడమే కాదు, వాళ్ల సంచులూ నీళ్ల సీసాలూ పట్టుకుని నిలబడుతుంది. ఏడాదికి ఒక్క పూట ఊడ్చినవాళ్లు ఫోటోలో, రోజూ ఊడ్చే మనిషి ఫోటో బయట. పదకొండేళ్లుగా ఇదే వరస. 'పోనీలే, నా మొహం అందులో పడితే ఎవరికి ఒరిగేదేముంది' అని సరిపెట్టుకునేది.

ఆ పేటలో అందరికీ ఆవిడ పిన్నే.

నిరుడు పిన్ని నాటిన ఇరవై మొక్కల్లో పధ్నాలుగు ఎండలకు మాడిపోయాయి. గోడవారన, రాలిన ఆకులు పేరుకున్న చోట మాత్రం ఆరు బతికాయి. పిన్ని ఆకుల కింద వేలు గుచ్చి చూసింది. మట్టి చల్లగా తగిలింది. అంతే, ఈ ఏడు మళ్లీ ఇరవై నాటి, ఊడ్చిన ఆకులు తెచ్చి ఒక్కో మొక్క చుట్టూ జానెడు మందాన పరిచింది. నడకకు వచ్చేవాళ్లు ముక్కు విరిచారు. "ఏం పిన్నీ, ఈమధ్య బద్ధకం బాగా ఒంటబట్టిందే!" పిన్ని నవ్వి ఇంకో దోసెడు ఆకులు పరిచింది.

ఈసారి నలభైమంది వచ్చారు. "భూమి వేడెక్కిపోతోంది, మనం చేతులు ముడుచుకుని కూర్చోకూడదు" అన్నారు వాళ్లను తీసుకొచ్చిన రిటైరైన లెక్కల మాస్టారు. నిజంగానే ఎవరూ ముడుచుకోలేదు. పిన్ని నీళ్ల పైపు తెచ్చేలోగా మొక్కల చుట్టూ నున్నగా గీకేశారు. ఆకులు గోతాల్లోకి, గోతాలు లారీలోకి ఎక్కేశాయి. లారీ వెళ్లేది ఊరి చివరి చెత్తగుట్టకు. అక్కడ ఎప్పుడూ మంటే, ఎప్పుడూ పొగే.

పిన్ని పైపు పడేసి పరుగెత్తింది. చీపురు అడ్డంపెట్టి లారీ ముందు నిలబడింది.

"తప్పుకో అక్కా! నా బ్రేకులు నా అంత మంచివి కావు!" అరిచాడు డ్రైవరు.

"నీ బ్రేకుల సంగతి తర్వాత. ముందు గోతాలు దించు."

మాస్టారు పరుగున వచ్చారు. "చెత్తే కదమ్మా?"

"చెత్త కాదండీ, మొక్కల దుప్పటి. ఎండలు ముదిరే ముందు లాగేశారు. ఇలా రండి, వేలు గుచ్చి చూడండి." ఆయన గుచ్చారు. "ఇప్పుడింత చల్లగా ఉందా? రెండ్రోజుల్లో పెనంలా కాలుతుంది. అక్కడ ఆకులు కాలితే పొగ, ఇక్కడ మొక్క చస్తే నీడ లేదు. వేడి తగ్గించడానికొచ్చి మీరు చేస్తున్నది ఇదీ."

ఇంత మాట తనే అందా అని పిన్నికే ఆశ్చర్యం. మాస్టారు వేలికంటిన మట్టి వంక చూసుకున్నారు. "ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. కూడిక అనుకుని తీసివేత చేశానమ్మా" అని, పంచె ఎగగట్టి తనే లారీ ఎక్కి మొదటి గోతం దించారు.

ఇక ఆ పూటంతా పిన్నిదే రాజ్యం. "ఇంకా మందంగా! కాండానికి తగలనివ్వకండి, కుళ్లుతుంది. నీలం టోపీ, నీకే చెప్పేది! ప్లాస్టిక్ కవర్లు ఏరి విడిగా పెట్టండి!"

"ఇంత దర్జా ఇన్నాళ్లూ ఎక్కడ దాచావక్కా?" అన్నాడు డ్రైవరు, గోతం గుమ్మరిస్తూ.

"నీ లారీ కింద పడబోయేదాకా నాకూ తెలీదురా!"

చివర్లో అందరూ ఫోటోకు నిలబడ్డారు. ఈసారి పిన్నిని జరగమనే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడే అంది, "మాస్టారూ, కాస్త పక్కకి జరగండి. మొక్క తొక్కుతున్నారు."

నలభైమందీ గొల్లున నవ్వారు. ఆ నవ్వులోనే ఫోటో పడింది.

మీ పార్కులోనూ ఒక పిన్ని ఉండే ఉంటుంది. వచ్చే ఆదివారం వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కానీ చేతులకు తొడుగులు వేసుకునే ముందు ఆవిడను వెతికి పట్టుకుని ఒక్క మాట అడగండి: ఏది తీయాలి, ఏది ఉంచాలి?