హెలీనమ్మ "నొ"

ముసురు రోజుల్లో పియానో మూత తెరిస్తే ఎండు వేపాకు వాసన గుప్పుమంటుంది. నా దగ్గర నేర్చుకోవడానికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లులు ముక్కు చిట్లించి, ఇదేంటమ్మా, పప్పుల గోదాములా ఉందే అంటారు. నాకు ఆ వాసనతోనే హెలీనమ్మ గుర్తొస్తుంది. పురుగు పట్టకుండా లోపల వేపాకు వేయమని ఆవిడకు సలహా ఇచ్చింది మా నాన్నే. బీదర్ గంజ్‌లో పప్పుల దుకాణం ఆయనది. కందుల్ని కాపాడే ఆకు కట్టెపెట్టెను కాపాడదా అని ఆయన వాదన. ఆవిడ మారు మాట్లాడకుండా వేసింది.

హెలీనమ్మది పోలండ్. వార్సాలో పెద్ద పెద్ద సభల్లో పియానో వాయించిన మనిషి. అక్కడికి చదువుకోవడానికి వెళ్లిన మా ఊరి ఇంజినీరు ప్రకాశ్ గారిని పెళ్లాడి బీదరుకు వచ్చింది. మొదట్లో పియానో లేక భోజనాల బల్ల మీదే వేళ్లు ఆడించుకునేదట. కోడలికి గాలి సోకిందేమోనని అత్తగారు దిష్టి కూడా తీయించిందట. చివరికి హైదరాబాదులో ఒక పాత పియానో దొరికింది. పప్పు దింపి తిరిగొస్తున్న నాన్న లారీలో, ఖాళీ గోనెసంచులు చుట్టుకుని అది ఊరు చేరింది. దింపుతుంటే నేను చెయ్యి ఊరుకోక ఒక తెల్ల మెట్టు నొక్కాను. తిడుతుందనుకున్న ఆవిడ నా వేళ్లు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, రేపటి నుంచి రమ్మంది.

అక్కడి నుంచి మొదలైంది నా అవస్థ. నేను వాయిస్తుంటే ఆవిడ పక్కనే కూర్చుని "నొ, నొ" అనేది. అన్నప్పుడల్లా నేను ఆపేసి మళ్లీ మొదటికి వచ్చేదాన్ని. బాగా కుదిరిందనుకున్న చోటే ఆ మాట ఎక్కువగా వచ్చేది. ఆవిడ కళ్లజోడు పైనుంచి నన్ను వింతగా చూసేది. ఇక చాలు, నా వాయింపు ఒక్కటీ ఆమెకు నచ్చదు, నేను పోనని ఇంట్లో ఏడ్చాను. నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

"హెలీనమ్మా, మా బిడ్డకు రాకుంటే రాదని చెప్పుండ్రి. రోజూ నో నో అంటే ఇంటికొచ్చి ఏడుస్తాంది."

ఆవిడకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ తెలుగు అంతా అత్తగారి దగ్గర నేర్చుకున్నదే.

"మా దిక్కు నొ అంటే వద్దని కాదు నర్సన్నా. ఊఁ, కానియ్, మంచిగున్నది అని. నేను కానియ్ అంటున్న, ఈమె ఆపుతాంది."

నాన్న పడీ పడీ నవ్వాడు. ఇంగ్లీషు వాళ్లది దీర్ఘం, హెలీనమ్మది హ్రస్వం. సంగీతం నేర్వబోయిన చెవికి ఆ మాత్రం తేడా తెలియలేదు చూడండి, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ తర్వాత నాన్న దుకాణంలో హమాలీలతో కూడా "నొ, నొ" అనడం మొదలుపెట్టాడు.

అయితే ఆవిడ మాత్రం ఎవరి ముందూ వాయించేది కాదు. నాకు రెండు వరుసలు చూపించి చేతులు తీసేసేది. పక్కింటివాళ్లు కిటికీ దగ్గర నిలబడితే అదీ లేదు. ఎందుకని అడిగేశాను. నా నోరు ఆగదు, ఇప్పటికీ అంతే. వార్సాలో నిండు సభలో వాయిస్తూ మధ్యలో మరిచిపోయిందట. చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుని, లేచి వెళ్లిపోయిందట. మళ్లీ సభ ఎక్కలేదు.

"మరిచినందుకు భయపడలే బిడ్డా," అంది. "ఒక్కరన్న ఊఁ అనలే. గందుకు భయమైంది."

మా బడి వార్షికోత్సవంలో వాయించమని అడిగితే వద్దంది. ప్రకాశ్ గారు అడిగీ అడిగీ ఎప్పుడో మానుకున్నారు. నేను మానలేదు, రోజూ ప్రాణం తీశాను. చివరికి, నేను పక్కన కూర్చుంటానంటే సరే అంది. వార్సాలో ఆగిపోయిన ఆ పాటే, పుస్తకం లేకుండా వాయిస్తానంది. ఈసారీ ఆగితే ఇక పియానో ముట్టనని కూడా చెప్పింది.

గంజ్ హమాలీలు పియానోను బడికి మోశారు. హాలు కిటకిటలాడింది. ముందు వరుసలో ప్రకాశ్ గారు, వెనక నాన్న, ఔరాద్ నుంచి వచ్చిన మా మేనత్త. పాట సగం దాకా హాయిగా సాగింది. అక్కడ ఆవిడ వేళ్లు తడబడ్డాయి, ఆగాయి. సినిమా హాల్లో కూడా నోరు మూసుకోని మా ఊరివాళ్లు, ఆ రోజే ఎక్కడలేని మర్యాద నేర్చుకుని కిక్కురుమనకుండా కూర్చున్నారు. ఆవిడ చేతులు మెల్లగా ఒళ్లోకి జారాయి.

"నొ," అన్నాను.

మా హెడ్మిస్ట్రెస్ కళ్లెర్రజేసింది. పెద్దమనిషిని పట్టుకుని నో అంటదేంది ఈ పిల్ల అని మేనత్త గొణగడం నాకూ వినబడింది. అప్పుడు వెనక నుంచి, బస్తాలు ఎత్తించే గొంతుతో నాన్న అందుకున్నాడు.

"నొ, నొ, హెలీనమ్మా!"

ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. ఎడమ చెయ్యి లేచింది, వెంటనే కుడిది. పాట చివరిదాకా వాయించింది. ప్రకాశ్ గారు కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత వేళ్లు సహకరించినన్నాళ్లూ ఏటా అదే హాల్లో వాయించింది, ఊళ్లో ఎందరికో నేర్పింది. పోతూ పోతూ పియానో నాకిచ్చింది. ఆవిడ లేదని ఇప్పటికీ దిగులే, కాదనను.

నా దగ్గర చేరే పిల్లలకు మొదటి పాఠం హెలీనమ్మ మాటకు అర్థమే. ఇవాళ హుల్సూర్ నుంచి కొత్తగా వచ్చిన పిల్ల ఒక మెట్టు తప్పు నొక్కి, బిక్కచచ్చి నా వంక చూసింది. నేను నోరు తెరిచేలోపే, తన వంతు కోసం గోడవార కూర్చున్న ఇంకో పిల్ల తలైనా ఎత్తకుండా అంది, "నొ." కొత్త పిల్ల వాయిస్తూ పోయింది.