జలపాతానికి మచ్చలు తీశాను

మా కాలంలో ఫొటో దిగడమంటే ఉన్నదానికన్నా కాస్త అందంగా బయటపడటమే. కరీంనగర్‌లో నేను పనిచేసిన స్టూడియోలో ఆ అందమంతా నా పెన్సిల్ మొనలోనే ఉందని నా గట్టి నమ్మకం. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఉస్తాద్ (యజమానిని అందరం అలాగే పిలిచేవాళ్లం) గాజు పలక మీద ఫొటో తీసి కడిగి ఇస్తే, నేను కిటికీ దగ్గర కూర్చుని, మొహాల మీది అమ్మవారి మచ్చలూ ముడతలూ ఆ పలక మీద సన్నటి పెన్సిల్‌తో పూడ్చేసేవాణ్ణి. నా చేతి మీదుగా ఎన్ని పెళ్లి సంబంధాలు కుదిరాయో! (కుదిరాక ఏమైందో నన్నడగకండి.) కానీ నా మనసంతా కెమెరా మీదే. ఉస్తాద్ దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఒకరోజు ఆదిలాబాద్ నుంచి జంగ్లాత్ (అంటే అడవుల శాఖ) ఆఫీసరు వచ్చాడు. బదిలీ అయిందట. తాను ఇన్నాళ్లూ తిరిగిన అడవిబాట చివర ఉన్న కుంతాల జలపాతాన్ని ఫొటో తీయించి వెంట తీసుకుపోవాలట. ఉస్తాద్‌కు మోకాళ్ల నొప్పులు. నా వంక చూసి, "నువ్వు పో. ఫొటో మంచిగొస్తే గీ కెమెరా నీ చేతికిస్త. ఖరాబైందనుకో, జిందగంత గా కిటికీ కాడ్నే" అన్నాడు.

మూడు కాళ్ల స్టాండు భుజాన వేసుకుని ఆఫీసరు వెనకాల అడవిలో నడిచాను. జలపాతం ఎదురుగా కెమెరా నిలబెట్టి నల్లగుడ్డలో తల దూర్చితే, అద్దంలో నీళ్లు తలకిందులుగా ఆకాశంలోకి దూకుతున్నాయి. రోజూ ఉస్తాద్ నోట విన్న అలవాటు కొద్దీ "కదలకుండ్రి!" అని అరిచాను. ఆఫీసరు అటూ ఇటూ చూసి, "ఎవల్నయ్యా?" అన్నాడు.

తిరిగొచ్చి పలక కడిగి చూస్తే నీటిధారల మధ్య రాళ్లన్నీ మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. ఇంత చక్కటి జలపాతానికి ఇన్ని మచ్చలా అని జాలేసింది. కెమెరా చేతికి రావాలంటే వీటిని వదలకూడదు. రెండు రోజులు తిండి మరిచి ఒక్కొక్క రాయీ పూడ్చాను. నురగలో ముడతలు కూడా మిగల్చలేదు. ప్రింటు చూసి ఉస్తాద్, "వాహ్! గింత మచ్చ లేదు" అని భుజం తట్టాడు. (తప్పు నా ఒక్కడిదే కాదని చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను.)

ఆఫీసరు వచ్చి ఫొటోను అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

"ఏందయ్యా గిది? ధోతి ఆరేసినట్టుంది. రాళ్లేమైనయ్?"

"తీసేసిన సార్. మచ్చల్లెక్క కనబడుతుండె."

"గా రాళ్లకు తాకి ఎగిరితెనే గదయ్యా నీళ్లకు అందం! రేపు పొద్దుగాల బండెక్కుత. మల్ల ఎన్నడు చూస్త?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. కెమెరా పోయినందుకు కాదు, ఆయన మొహం చూడలేక.

ఉస్తాద్ దూదిని టర్పెంటైన్‌లో ముంచి నా చేతిలో పెట్టాడు. "ఫికర్ జెయ్యకు. పెన్సిలే గద, పోతది. తుడువు." తుడిచాను. ఒక్కొక్క రాయీ మళ్లీ పైకి తేలింది. సాయంత్రానికి కొత్త ప్రింటు ఇస్తే ఆఫీసరు చాలాసేపు దాన్నే చూశాడు. దాన్ని జాగ్రత్తగా చుట్టుకుని, గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "ఉస్తాద్, పిలగానికి కెమెరా ఇయ్యి. పెన్సిల్ మాత్రం గుంజుకో" అన్నాడు.

ఇచ్చాడు. ఆ తర్వాత ఎన్ని వాగులు, ఎన్ని చెరువులు ఫొటో తీశానో! తప్పులూ చాలానే చేశాను, కానీ అవన్నీ బద్ధకం కొద్దీ చేసినవే. తిండి మానుకుని, కళ్లు పుండ్లు చేసుకుని, అంత ప్రేమగా తప్పు చేయడం మాత్రం నాకు మళ్లీ చేతకాలేదు.