బావ కుర్చీ ముందుకొచ్చిన రొయ్యల గుంట

అల్లూరు చుట్టుపక్కల కంప్యూటర్ విజ్ఞానానికి ఆద్యుడెవరని రేపెవరైనా అడిగితే, మొహమాటపడకుండా నన్నే చూపించండి. నేనైతే ఎవరూ అడక్కుండానే చెప్పుకుంటున్నాను.

మా బావకు మోకాలి ఆపరేషన్ అయింది. ఇంట్లో కాస్త నడవాలి గానీ రొయ్యల గుంట గట్టు మాత్రం ఎక్కకూడదు, బురదలో జారితే మోకాలు ఇక మాట వినదని డాక్టరు గట్టిగా చెప్పాడు. బావేమో రొయ్య పట్టుబడికొచ్చే సమయంలో ఇంటిపట్టున ఉండే మనిషి కాదు. ఆయన గేటు దాకా పారిపోవడం, అక్క చొక్కా పట్టుకుని వెనక్కి లాక్కురావడం రోజూ ఉండేదే.

"ఒరే, ఈయన్ని కుర్చీలో కూర్చోబెట్టే కంప్యూటర్ ఏదన్నా ఉండాదా నీకాడ?" అని అడిగింది అక్క.

ఉండకేం! గుంటల మీద కెమెరాలు అప్పటికే ఉన్నాయి. వాటిని ఫోన్లో చూస్తే బావ కళ్ళకు రొయ్యల గుంటా చెంబులో నీళ్ళూ ఒకటే. అందుకని పేకముక్కంత కంప్యూటర్ బోర్డు ఒకటి తెప్పించాను. అటక మీద మూలుగుతున్న పాత టీవీని దించాను. దాని వెనక పేరుకున్న దుమ్ములో ఒక కారు వరి పండించొచ్చు. బోర్డును టీవీ వీపుకు అతికించి, నాలుగు కెమెరాల బొమ్మలూ నాలుగు గళ్ళలో వాటంతటవే వచ్చేలా ఆదేశాలు రాశాను. ఒక్క చుక్క తప్పితే తెర నల్లగా ఉరిమి చూసేది. చివరికి స్విచ్ వేయగానే నాలుగు గుంటలూ ఒక్కసారి హాల్లోకి వచ్చి పడ్డాయి! నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల చక్రాలు నీళ్ళు చిమ్ముతుంటే, తడుస్తుందేమోనని అక్క సోఫా వెనక్కి జరిపింది. ఆదివారం పాస్టరు గారు వచ్చి టీవీ మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేసి వెళ్ళారు. మాకు దగ్గర్లోనే రాకెట్లు ఎగరేస్తారు గానీ, వాళ్ళ తెరకు ఇంత మర్యాద జరిగి ఉండదు.

బావ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గేటు ఊపిరి పీల్చుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం బాగా మబ్బు పట్టింది. అన్నాలయ్యాక నేను నా తెరను మురిపెంగా చూసుకుంటున్నాను.

"ఒరే బామ్మర్దీ, ఆ కొంగ అన్నానికి ముందు నించీ కదల్లేదు" అన్నాడు బావ.

"కదలకుండా నిలబడ్డమే దాని ఉద్యోగం బావా."

"సరే, కొంగ ఉద్యోగం చేస్తా ఉండాది. మరి చక్రం చిమ్మిన నీళ్ళు గాల్లోనే యాలాడతా ఉండాయే, వాటికి గూడా ఉద్యోగం ఇచ్చినారా?"

లేచి తెర దగ్గరికి పోయి చూశాను. గుంటల దగ్గర కరెంటు పోయింది. ఏరియేటర్లతోపాటు కెమెరాలూ ఆగిపోతే, నా ఘనమైన తెర చివరి బొమ్మను పట్టుకుని అంతా క్షేమమని చూపిస్తోంది. మబ్బు రోజున ఏరియేటర్లు ఆగితే నీళ్ళలో గాలి చాలక రొయ్యలు తేలిపోతాయి. బావ చేతికర్ర కూడా తీసుకోకుండా గేటు వైపు నడిచాడు. అక్క గేటుకు అడ్డంగా నిలబడింది.

"నన్ను దాటుకుని పో, చూస్తా."

"రొయ్యలు సస్తా ఉంటే అడ్డమేంది మే!"

నేను కాపలా మనిషికి ఫోన్ కొట్టాను. అన్నానికని ఇంటికి వెళ్ళినవాడు కంచం ముందు నుంచి లేచి, మోపెడ్ మీద పోయి జనరేటర్ వేశాడు. తెర మీద గాల్లో వేలాడుతున్న నీళ్ళు కింద పడ్డాయి. కొంగ లేదు. రొయ్యలు తేలలేదు. బావ మోకాలు గేటు ఇవతలే ఉంది.

ఆ సాయంత్రమే కెమెరాలకు వేరే బ్యాటరీ పెట్టాను. బొమ్మ కదలడం మానేస్తే ఆ గడి ఎర్రబడి కూత పెట్టేలా మార్చాను. ఆ కూతకు బకింగ్‌హాం కాలువ అవతలి గేదెలు కూడా లేచి నిలబడ్డాయని నా నమ్మకం. పక్క గుంటల వాళ్ళు చూడ్డానికొస్తే, పెళ్ళినాటి నుంచీ నన్నొక్కసారీ మెచ్చుకోని బావ "మా బామ్మర్ది చేసినాడు" అన్నాడు. ఆ మాట మళ్ళీ వినాలని నేను వాళ్ళందరికీ రెండోసారి టీ పోయించాను.

పట్టుబడి రోజున బావ కుర్చీలోంచే ఫోన్లో వలలు లాగించాడు. ఆ తర్వాత డాక్టరు మోకాలు నొక్కి చూసి, బాగా అతుక్కుంది గానీ నడక బొత్తిగా చాల్లేదన్నాడు.

"కుర్చీలో కూర్చోబెట్టమన్నానే గానీ అంటించమన్నానా?" అని అక్క నా మీద పడింది.

కూతను అలాగే ఉంచి, రోజూ పొద్దున కాసేపు బొమ్మ మాత్రం మాయమయ్యేలా ఇంకో ఆదేశం రాశాను. ఆ వేళకు తెర నల్లబడుతుంది. బావ నన్ను తిట్టుకుంటూ వరండాలో ఆ కొసకూ ఈ కొసకూ నడుస్తాడు. మోకాళ్ళ వైద్యంలో కూడా నాకింత ప్రవేశముందని నాకే తెలియదు.