ట్రాలీలో నిలబడ్డ యేసమ్మ

సంచుల బరువు లేని పికప్ బండి స్పీడ్‌బ్రేకర్ మీద ఎగిరి పడితే, ఇనుము మీద ఇనుము కొట్టుకున్న చప్పుడొస్తుంది. పొద్దు పొడవకముందే మా ఇంటి ముందు ఆ చప్పుడు మొదలవుతుంది. నారాయణఖేడ్ నుంచి కంగ్టి వైపు పత్తి చేలకు ఆడకూలీలను తీసుకుపోయే బండ్లు అవి. వినగానే నా పళ్లు బిగుసుకుంటాయి. పొయ్యి మీద చాయ్ పొంగిపోతున్నా కదలను. నాకు సంతకం వరకే వచ్చు కాబట్టి నోటితో చెబుతున్నాను. చెప్పేది యేసమ్మ గురించి. కోపంగానే చెబుతాను. ఆమె నుంచి నేను మొదట నేర్చుకున్నది కోపమే.

యేసమ్మ కూలి గుంపుకు పెద్ద. పొట్టి మనిషి. ఆదివారం చర్చికి పోయేటప్పుడు తప్ప ఆమె కొంగు నడుముకు బిగించే ఉండేది. మా ఆయన బతికున్నప్పుడు పొద్దున ఆ గుంపును చేలకు దించేవాడు, సాయంత్రం పత్తి సంచులు బజారుకు తెచ్చేవాడు. ఒకే బండి, రెండు పనులు. సామాను బండిలో మనుషులను ఎక్కించకూడదని పెద్దమనుషులు చెబుతారు. చెప్పేవాళ్లు చేను గట్టు దాకా ఒక బస్సు వేయించి చెబితే బాగుండేది. ఎప్పుడైనా ఆ బండి ఎక్కితే నేను మా ఆయన పక్కన ముందు సీట్లో కూర్చునేదాన్ని. వెనక ఎవరు ఎట్లా నిలబడ్డారో నాకు అద్దంలో కూడా కనబడేది కాదు.

మా ఆయన జ్వరంతో పోయాక బండిని మా మరిది పండరి నడిపాడు. అప్పటికే వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీలు అలిసిపోయాయి. లోడు వేస్తే బండి తోక కూలబడి, మూతి ఆకాశంలోకి లేచేది. లైటు వెలుగు రోడ్డు మీద కాకుండా చెట్ల మీద పడేది. పత్తి కొనే వ్యాపారి చూసి, బండి లెవెల్ చేయించకపోతే లోడు ఇవ్వనన్నాడు. తోక కిందికి దిగితే ఎక్కువ సంచులు వేసిన సంగతి దారిలో అందరికీ తెలిసిపోతుంది. లెవెల్‌గా నిలబడితే ఎవరూ అడగరు. అసలు విషయం అది. సరే, లెవెల్ చేసే సామాను చూద్దామని పండరి, నేను బజారుకు పోయాం. పిలవకుండానే యేసమ్మ మా వెంట వచ్చింది.

దుకాణం సేటు మందపాటి పట్టీలు తెచ్చి పండరి ముందు పడేశాడు. "గివి ఏస్కో భాయ్. ఎంత లోడేసినా బండి ఏనుగు లెక్క నిలబడ్తది." పండరి ముఖం వెలిగిపోయింది. నేను పక్కనే ఉన్నా ఎవరూ నా వైపు చూడలేదు. మొగుడు పోయిన ఆడదాన్ని దుకాణంలో స్తంభంలా చూస్తారు.

"సంచులకు సరే, మరి మనుషులకు?" అని అడిగింది యేసమ్మ.

"నువ్వెవరే అవ్వా? బండి నీదా?" అన్నాడు సేటు.

"నాది గాదు. ఎక్కేది మాత్రం నేనే."

దుకాణం ముందు అప్పుడే అవే పట్టీలు బిగించిన బండి ఒకటి నిలబడి ఉంది. ఒక చుట్టు తిప్పి చూడడానికి సేటు మనిషి దాన్ని తీస్తున్నాడు. యేసమ్మ పండరి చేయి పట్టుకుంది. "నువ్వు పెద్ద డ్రైవర్‌వి గద, జర ఎనక ఎక్కు. చెల్లె, నువ్వు గూడ రా." ముగ్గురం ఖాళీ ట్రాలీలో నిలబడ్డాం. మనూర్ రోడ్డెక్కి మొదటి గుంతలో పడగానే నా మోకాళ్ల నుంచి తలదాకా దెబ్బ తగిలింది. ఆ పట్టీలకు మా బరువు ఒక లెక్క కాదు. కాస్తయినా వంగవు. రెండో గుంతకు పండరి నాలుక కొరుక్కుని కింద కూలబడ్డాడు.

"కూసుంటవేంది? గుంపంత ఎక్కినంక కూసునే జాగ ఏడుంటది? నిలబడు!"

"ఆపుమను వదినె, జల్దీ ఆపుమను!"

"గప్పుడే? చేను ఇంక శానా దూరముంది బిడ్డా."

తిరిగి వచ్చేసరికి పండరి రక్తం ఉమ్ముతున్నాడు. సేటు నవ్వాడు. "గట్టిగ పట్టుకోవాలె."

"దేన్ని పట్టుకోవాలె సేటూ? నీ మీసాలనా?" అంది యేసమ్మ. నవ్వుతూ అనలేదు. ఆమె సొంత చెల్లెలు ఇట్లాంటి బండిలోంచే ఎగిరిపడి తుంటి విరగ్గొట్టుకుంది. దవాఖానకు వచ్చిన ఆ బండి ఓనరు కూడా ఆమె గట్టిగా పట్టుకోలేదనే అన్నాడట.

సేటు విసుగ్గా లోపలినుంచి ఇంకో రకం తెచ్చాడు. కమాన్లకూ బండి అడుగుకూ మధ్య పెట్టే రబ్బరు బుడ్డలు. బరువు పడ్డప్పుడే తగులుతాయి, లేకుంటే వాటి దారిన అవి ఉంటాయి. "కని పూర లెవెల్ రాదు. నిండ లోడేస్తే జర తోక దిగుతది," అన్నాడు.

"దిగనియ్. తోక బండిది, నడుము మాది." యేసమ్మ నా వైపు తిరిగింది. "చెల్లె, బండి నీది. నీ నోటితోని చెప్పు."

మా ఆయన పోయినప్పటి నుంచి ఆ మాట నాతో అన్న మొదటి మనిషి ఆమె. అరిచినట్టే చెప్పాను, "రబ్బర్లే పెట్టు." పండరి కోపంతో రోడ్డు మీదికి నడిచాడు.

వ్యాపారి లోడు ఆపేశాడు. పండరి అతని దగ్గరే డ్రైవరుగా చేరాడు. నేను ఇంకొక డ్రైవరును పెట్టుకుని, చిన్న రైతుల కందులు తిప్పుకుంటూ బతికాను. యేసమ్మ మాత్రం ఎక్కువ కాలం నా బండి ఎక్కలేదు. నడుము పడిపోయి మంచం పట్టింది. దవాఖానలో వయసు అన్నారు, ఇంట్లోవాళ్లూ వయసే అన్నారు. ఆమె ఈడు సేటు భార్య ఇప్పటికీ మెట్లెక్కి బట్టలు ఆరేస్తుంది. వయసు కాదు, ఏళ్ల తరబడి నిలబడ్డ ఆ ఇనుప ట్రాలీలు ఆమెను విరిచాయి. యేసమ్మను పూడ్చిన రోజు ఆ మాట గట్టిగా అంటే, చావింట్లో గొడవ వద్దని నన్ను పక్కకు లాగారు. గొడవ ఎక్కడ చేయాలో చెప్పమన్నాను.

ఇప్పుడు నాకు తోచిన చోట చేస్తున్నాను. మొన్న బస్ డిపో దగ్గర మందపాటి పట్టీల బండి ఒకటి నిండా ఆడవాళ్లతో కదలబోతోంది. వెనకే రబ్బర్లు పెట్టిన నా బండి సగం ఖాళీగా ఉంది, ఇంకొందరు కూలీలు ఎక్కొచ్చు. నేను పోయి దాని ముందు నిలబడ్డాను. "జరుగవమ్మా, పిచ్చి లేసిందా?" అని డ్రైవరు హారన్ కొట్టాడు. లోపలి ఆడవాళ్లు కూడా నవ్వారు. ఆ నవ్వు హారన్ కన్నా ఎక్కువ గుచ్చుకుంది. అయినా కదలలేదు.

"ఒక్కపారి దిగొచ్చి ఎనక ట్రాలీల నిలబడు. మనూర్ దాక పో. అటెన్క నన్ను పిచ్చిదనుర్రి!" అని అరిచాను.

అతను దిగలేదు. దిగింది వెనక మూలన ఉన్న ఒక ముసలావిడ. సద్ది డబ్బా చంకన పెట్టుకుని, ఒక కాలు కిందికి జార్చి, నేల అందక ఆగిపోయింది. నేను పోయి ఆమెకు భుజం అందించాను.