రూతమ్మ గారి మంచం కింద గాలి

2005 ఎండాకాలం. సికింద్రాబాద్‌లో రాంగోపాల్‌పేట్ వెనక సందులో నా షెడ్డు. బస్సులకీ లారీలకీ ఎయిర్ బ్రేకులు చూడడం నా పని. నాకు స్థిమితం తక్కువ. భోజనానికి కూర్చున్నా కాలు ఆడుతూనే ఉంటుందని మా ఆవిడ విసుక్కుంటుంది. గాలి పనికి ఈ గుణం కొంత పనికొస్తుంది, కొంత కొంప ముంచుతుంది. నూనె కారితే మరక కనిపిస్తుంది, వైరు కాలితే వాసన వస్తుంది. గాలి కారితే చూడ్డానికి ఏమీ ఉండదు. ఓపిగ్గా చెవి పెట్టి వెతుక్కోవాలి. ఓపికే నా దగ్గర లేనిది.

ఆ గురువారం పొద్దున ఒక తెల్ల బస్సు వచ్చింది. బయటికి మామూలు టూరిస్టు బస్సే. ఎక్కి చూస్తే లోపల ఇల్లు! సీట్లు పీకేసి గ్యాస్ పొయ్యి, చిన్న బాత్రూం, ఏసీ, కిటికీ పక్కన మంచం పెట్టించారు. ఓనరు శామ్యూల్ మాస్టారు, లెక్కల టీచరుగా రిటైరై ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటున్నారు. ఆయన భార్య రూతమ్మ గారికి వెన్నెముక దెబ్బతిని కొన్నేళ్లుగా మంచమే. కూర్చోలేరు. రైలెక్కించబోతే నొప్పి ఓర్చుకోలేక మధ్యలోనే దించెయ్యమన్నారట. ఆవిడ పడుకునే ప్రయాణం చెయ్యాలని మాస్టారు ఈ బండి కట్టించారు.

వెళ్లాల్సింది నరసాపురం. అక్కడ రూతమ్మ గారి చెల్లెలికి సోమవారం గుండె ఆపరేషన్. "అక్కని చూడకుండా థియేటర్‌లోకి వెళ్లనని మొండికేసిందండీ" అన్నారు మాస్టారు. "డాక్టర్లేమో ఇంక ఆగడానికి లేదంటున్నారు."

బండి నడిపే యాదగిరి చెప్పిన కంప్లైంట్ ఇది. "రోడ్డు మీద మంచిగనే పోతది నర్సింగన్నా. ట్రాఫిక్‌ల ఆగితే చాలు, గాలి గేజ్ ముల్లు కిందికే. పొద్దుగాల నరసాపురం బయల్దేరితే ఉప్పల్ సిగ్నల్ కాడనే గాలి తగ్గిందని బజర్ షురూ అయింది. గుండె జారిపాయె!"

అతని గుండె జారడంలో తప్పు లేదు. ఇంజన్‌తో పాటు తిరిగే కంప్రెసర్ గాలిని ట్యాంకుల్లో నింపుతుంది. ఆ గాలితోనే బ్రేకులు పనిచేస్తాయి. గాలి పోతే బండి ఆగదని చాలామంది అనుకుంటారు కానీ, వెనక చక్రాలకు స్ప్రింగ్ బ్రేక్ అని ఒకటి ఉంటుంది. గాలి ఉన్నంతసేపే అది చక్రాన్ని వదులుతుంది. గాలి బాగా తగ్గిందంటే అదే పట్టేసి, బండిని రోడ్డు మధ్యలో నిలబెట్టేస్తుంది. వెనక లారీ వస్తుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ముందు బస్సులో మంచం మీదున్న రూతమ్మ గారిని దింపాం. దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని నా ఆఫీసు గదిలోకి మోసుకెళ్లి నవారు మంచం మీద పడుకోబెట్టాం. ఆవిడ పళ్లు బిగబట్టి కళ్లు మూసుకున్నారు. పెద్దావిడని పైన ఉంచి కింద సుత్తి దెబ్బలు ఎలా కొడతాం? షెడ్లలో ఏళ్ల తరబడి ఉన్న పద్ధతి అది, మనుషుల్ని దింపాకే పని.

గాలి నింపి, ఇంజన్ ఆపి, గేజ్ ముందు నిలబడ్డాను. ముల్లు కదల్లేదు. సబ్బు నీళ్లు కలిపి జాయింటు జాయింటుకీ పూశాను. లీకున్న చోట బుడగ రావాలి. ఎక్కడా రాలేదు. మంచం సంగతీ వదల్లేదు. లగ్జరీ కోచ్‌లలో డ్రైవర్ సీటు గాలి మీద తేలుతుంది చూడండి, అలాంటి ఏర్పాటే ఆ మంచానికీ చేశారు. కింద రెండు బెల్లోస్, అంటే గాలి నింపే రబ్బరు తిత్తులు. వాటికి గాలి బ్రేకు ట్యాంకు నుంచే. పైపుకి సబ్బు నీళ్లు రాశాను, తిత్తులకీ రాశాను. శుభ్రంగా ఉన్నాయి. ఆ మంచం మీద మాత్రం మేమెవరం చెయ్యి కూడా ఆనించలేదు. ఆవిడ పక్క, తెల్లటి దుప్పటి, మావి గ్రీసు చేతులు.

కంప్రెసర్ మీద అన్‌లోడర్ వాల్వ్ కాస్త అరిగి ఉంది. ట్యాంకు నిండాక గాలిని బయటికి వదిలే వాల్వ్ అది. దొంగ దొరికాడనుకుని మార్చి పంపేశాను. శుక్రవారం సాయంత్రం యాదగిరి ఫోను. హయత్‌నగర్ దగ్గర ట్రాఫిక్ జామ్‌లో స్ప్రింగ్ బ్రేక్ పట్టేసింది, వెనక హారన్లు, తిట్లు. ఇంజన్ రేస్ చేసి, గాలి నింపుకుని, ఎలాగో వెనక్కి తిప్పారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నా చేతిలోంచి వెళ్లిన బండి నడిరోడ్డు మీద నిలబడిపోయిందంటే నాకు ఒంట్లో జ్వరం వచ్చినట్టే ఉంటుంది.

శనివారం పొద్దున బండి మళ్లీ షెడ్డు ముందుంది. ఆ రోజు బయల్దేరకపోతే అంతే. నేను పానా ఒక చోట పెట్టి ఇంకో చోట వెతుకుతూ, కనిపించిన వాళ్లందరి మీదా అరుస్తూ తిరుగుతున్నాను. యాదగిరి దుప్పటి కొస పట్టుకున్నాడు. అప్పుడు రూతమ్మ గారు గట్టిగా అన్నారు.

"వద్దు బాబూ. నన్ను దించొద్దు. దింపడం, ఎక్కించడం, దానికే నాకు ప్రాణం పోతోంది. మీ పని మీరు చేసుకోండి, నేనిక్కడే పడుకుంటాను."

"సప్పుడైతదమ్మా, తక్లీఫ్ అయితది" అన్నాను.

"చప్పుడుకి నేనేం భయపడనండీ. నరసాపురం వెళ్లలేకపోతానేమోనని భయం."

మాస్టారు నా వైపు చూశారు. నాకు వాదించే ఓపిక లేదు. గాలి నింపి ఇంజన్ ఆపాను. గేజ్ చూస్తూ నిలబడ్డాను. ముల్లు మెల్లగా, మొండిగా కిందికి జారింది.

"దొరికింది!" అని ఎగిరి గంతేశాను. "యాదగిరీ, సూడు! అమ్మ పండుకుంటేనే పోతున్నది గాలి!"

అరిచాక ఆవిడ మొహం చూశాను. ఆనందమంతా నీరుగారిపోయింది.

"అయితే నా బరువేనా అండీ తప్పు?" అన్నారు రూతమ్మ గారు. తర్వాత భర్త వైపు తిరిగి, "నేను ఆగిపోతానండీ. మీరు వెళ్లి మా చెల్లికి నచ్చజెప్పండి. నాకోసం ఇంత మందికి ఇబ్బంది ఎందుకు?" అన్నారు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. నాకు నా నోటి మీద చెడ్డ కోపం వచ్చింది. మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాను.

"అమ్మా, తప్పు మీది కాదు, రబ్బరుది. మనిషి పండుకునే మంచం మనిషిని మొయ్యాలె గదా. మొయ్యకపోతే అది గిట్ల బిగించినోని తప్పు, పట్టుకోలేని నా తప్పు. మీకు జెర ఏమన్నా తెలుస్తున్నదా, కింద?"

"తెలియకేం? మొన్నటి నుంచీ నా తల కింద బుస్సుమంటూనే ఉంది. ఈయనకి చెప్పాను. ఏసీ శబ్దం అన్నారు." మాస్టారు తల దించుకున్నారు. "నేను చర్చిలో చాలా ఏళ్లు హార్మోనియం వాయించానండీ. తిత్తి మడతలో చిల్లు పడితే ఇలాగే బుస్సుమంటుంది. తిత్తి పూర్తిగా చాచి చూస్తే కనిపించదు. మడత పడ్డప్పుడే గాలి పోతుంది. అక్కడ చూడండి."

టార్చి తీసుకుని మంచం కింద దూరాను. తలవైపు బెల్లోస్ ఆవిడ బరువుకి మడతపడి ఉంది. సబ్బు నీళ్లు రాయగానే మడత మీద తెల్లటి నురగ పొంగింది. ఖాళీ మంచం కింద తిత్తి సాగి ఉంటుంది, లోపల ఒత్తిడీ ఉండదు. మనిషి పడుకుంటే మంచం కింది వాల్వ్ తెరుచుకుని గాలి వస్తుంది, వచ్చింది వచ్చినట్టే పగుల్లోంచి పోతుంది. బండి వేగంగా పోయేటప్పుడు కంప్రెసర్ ఆ లోటు పూడ్చేస్తుంది. సిగ్నల్ దగ్గర దాని వల్ల కాదు. ఆవిడని దింపేసి వెతికినంతకాలం లీకునీ ఆవిడతో పాటే దింపేశామన్నమాట.

మంచానికి గాలి కట్ చేసి పంపెయ్యొచ్చు. రూతమ్మ గారూ అదే అన్నారు. కానీ నరసాపురం దాకా ఆ గుంతల దెబ్బలన్నీ ఆవిడ వెన్ను తినాలి. నాకు మనసొప్పలేదు. స్కూటర్ మీద రాణీగంజ్ స్పేర్ పార్టుల దుకాణాలన్నీ తిరిగాను. ఒకడు లేదంటాడు, ఇంకొకడు సోమవారం రమ్మంటాడు. చివరికి ఒక పాత సామాన్ల షాపులో విప్పేసిన కోచ్ సీటుది అదే సైజు బెల్లోస్ దొరికింది. దాన్ని మడిచి, నొక్కి, మడతలన్నీ వేలితో తడిమి తీసుకున్నాను. దాంతో పాటు ప్రొటెక్షన్ వాల్వ్ కూడా కొన్నాను. బ్రేకులకి సరిపడా గాలి ఉంటేనే అది మిగతా వాటికి గాలి వదులుతుంది. ముందే ఉండాల్సిన సామాను. మంచం ఆకలి కోసం బ్రేకుల నోటి దగ్గర కూడు లాక్కోకూడదు కదా.

ఈసారి ఎవర్నీ దింపలేదు. రూతమ్మ గారు ఒక పక్కకి జరిగి పడుకుంటే కింద బోల్టులు బిగించాను. గాలి నింపి, ఇంజన్ ఆపి, అందరం గేజ్ ముందు గుమిగూడాం. ముల్లు కదల్లేదు. నా కాలు కూడా ఆడలేదని యాదగిరి తర్వాత వెక్కిరించాడు. పొద్దు వాలేలోపు బండి కదిలింది.

ఆదివారం రోజంతా ఫోన్ చుట్టూ తిరిగాను. మోగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం, మోగకపోతే ఇంకా భయం. సాయంత్రం మోగింది. రూతమ్మ గారే.

"నర్సింగ్ గారూ, చేరామండీ. ఒక్కసారి కూడా బజర్ మోగలేదు. నేను దిగలేనని మా చెల్లే బండెక్కింది. ఇప్పుడు నా పక్కనే పడుకుంది. ఇద్దరం ఒకే మంచం మీద! యాదగిరిని ముల్లు చూసి చెప్పమన్నాను. కదల్లేదటండీ."

"మంచిదమ్మా" అని ఫోను పక్కనే కూర్చున్నాను.

సోమవారం ఆపరేషన్ జరిగింది, బాగానే జరిగింది. మా షెడ్డులో పద్ధతి మారింది. బండి ఖాళీగా బాగుండడం కాదు, మనుషులతో బాగుండాలి. ఇప్పుడు ఏ బండి వచ్చినా పానా పట్టుకోక ముందు లోపలికి ఎక్కుతాను. స్థిమితం లేకపోయినా సరే, ఒక సీట్లో కూర్చుని, పక్కవాళ్లని దిగొద్దని చెప్పి అడుగుతాను, "మీకేం ఇనబడుతున్నది?"