బస్సులో లేచి నిలబడే మా నాయన

మా నాయన ఎవరికీ ఎదురు చెప్పే మనిషి కాదు. ఊళ్లో ఎవరు కేకలేసినా తల వంచుకొని పోయేవాడు. కానీ నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వస్తున్నప్పుడు, మా పొలం దగ్గర రోడ్డు పక్కనున్న శాసనం రాయి కనిపించగానే, భుజం మీది తువ్వాలు తీసి సీట్లోంచి లేచి నిలబడేవాడు. మా ఊరికి కాలువ తవ్వించిన రాయలవారు వేయించిన రాయి అది. జనం నవ్వేవారు. నేను మాత్రం నోరు తెరుచుకొని చూసేదాన్ని.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా రోడ్డు వెడల్పు పనులు మొదలయ్యాయి. ఒకరోజు జేసీబీ ఆ రాయి మీదికి వస్తుంటే, నాయన మడిలోంచి పరిగెత్తుకొచ్చి రాయిని వాటేసుకున్నాడు.

"లేయ్ పెద్దాయనా! ఎప్పుడో సచ్చిపోయిన రాజు కోసం ఏందీ గోల?" అని కాంట్రాక్టరు అరిచాడు.

"ఆయప్ప తవ్వించిన కాలువ నీళ్లే గదప్పా మేం ఈ పొద్దుకూ తాగతాండేది! ఈడనే పారతాండాది, చూడు. రాయిని పగలగొట్టాలంటే ముందు నన్ను పగలగొట్టు!"

నాయనకు అంత గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

డ్రైవరు ఇంజిన్ ఆపేశాడు. "నాతో కాదన్నా, నేను పగలగొట్టను" అని కాంట్రాక్టరుకు చెప్పి, నాయన వైపు తిరిగాడు. "యాడ పెట్టాల్నో చెప్పు పెద్దాయనా, పెడతా."

నాయన కోతకొచ్చిన మా వరి మడిని చూపించాడు. జేసీబీ పైరు తొక్కుకుంటూ పోయి రాయిని నడిమధ్య నిలబెట్టింది. నలిగిన వరి వైపు ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. రాయికి అంటిన మట్టిని అరచేత్తో తుడుస్తూ ఉండిపోయాడు.

బురద కాళ్లతో ఉన్న ఆ మనిషికి, ఎవరూ చెప్పకుండానే, నేను దండం పెట్టాను.